అప్‌డేట్: ఆటో హింజ్‌ల అసెంబ్లీకి సెమీ ఆటోమేటిక్ యంత్రమే తీసుకున్నాను

జీడిమెట్లలోని మా చిన్న యూనిట్‌లో అల్మారా తలుపులకు వాడే 35 మి.మీ. కప్పు హింజ్‌లు (వీటినే ఆటో హింజ్‌లు అంటారు) చేస్తాం. వాటిని కూర్చడానికి విడిభాగాలను తానే అందుకునే పూర్తి ఆటోమేటిక్ యంత్రం మేలా, మనం చేత్తో పెడితే రివెట్ కొట్టే సెమీ ఆటోమేటిక్ మేలా అని ఇంతకుముందు అడిగాను. సెమీ ఆటోమేటిక్ కొన్నాను.

సొంత విడిభాగాలతోనే ట్రయల్ చూడమన్నవారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మా పిన్నులు, కప్పులు, ఆర్ములు సంచిలో వేసుకుని వెళ్లాను. అమ్మకందారు నమూనాలతో ఆటోమేటిక్ యంత్రం ఆగకుండా నడిచింది. మా పిన్నులు పోయగానే బౌల్ ఫీడర్ (గిన్నెలో పోసిన విడిభాగాలను కంపనంతో వరసగా పంపేది) దారిలో ఒకటి అడ్డం తిరిగి, వెనక వరసంతా నిలిచిపోయింది. తీసి చూస్తే పిన్ను చివర గోటికి తగిలేంత బర్ (కోసినచోట మిగిలే గరుకు అంచు)! చేత్తో కూర్చేటప్పుడు మా పనివాళ్లు అలాంటివి ఏరి పక్కన పడేస్తారు, అందుకే ఇన్నాళ్లూ నా దృష్టికి రాలేదు.

పైగా మావి చిన్న ఆర్డర్లు, మూడు రకాల క్రాంకులు (ఆర్ము వంపులు). ఇప్పుడు రకం మారితే ఫిక్చర్ (హింజ్‌ను కదలకుండా పట్టే అచ్చు) మారిస్తే చాలు. నెలల తరబడి ఒకే రకం చేసేవారికి ఆటోమేటిక్ సరిపోతుంది.

రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే రివెట్ పడే యంత్రం తీసుకున్నాను. ఒకే బటన్ ఉన్నది చవకగా వచ్చినా దయచేసి కొనకండి, పనివాళ్ల వేళ్ల విషయం ఇది.

మిగిలిన డబ్బుతో మొదట పిన్నులు కోసే కట్టర్ సానపట్టించాను. రివెట్ ఒత్తిడి ఎక్కువైతే హింజ్ బిగుసుకుంటుంది, తక్కువైతే తలుపు ఊగుతుంది. రోజూ ఉదయం మొదటి ఐదింటినీ తెరిచి మూసి చూశాకే పని మొదలుపెడుతున్నాం.