అప్‌డేట్: వాన పడితే నా కడుపు జబ్బు తిరగబెడుతోంది అని అడిగినా కదా

గుర్తుందా, 2021 నవంబర్ వరదలప్పుడు తిరుపతిలో మా ఇంట్లోకి నడుము లోతు నీళ్లొచ్చి రాత్రంతా మిద్దె మీదే ఉన్నాం, అప్పట్నుంచి గట్టి వాన పడితే చాలు గుండె దడ, ఆ వెనకే నా అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు వాచి పుండ్లు పడి, మోషన్‌లో బ్లడ్ పడే జబ్బు) మొదలు, రెండింటికీ లింకుందా అని. మీరు చెప్పినట్టే టెలీ మానస్ (మనసు బాధలకి గవర్నమెంటు హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేసినా, ఫ్రీనే, తెలుగులోనే మాట్లాడినారు, సైకియాట్రిస్టుని కలవమంటే ఇక్కడి గవర్నమెంటు ఆస్పత్రి రుయాకి పోయినా. స్ట్రెస్ వల్ల ఈ జబ్బు రాదంట, కానీ ఉన్నదాన్ని రేపుతుందంట. కడుపు డాక్టరైతే బాగుంది కదా అని మెసలమైన్ (పేగు వాపు తగ్గించే మందు) ఆపొద్దు, స్టెరాయిడ్ ఇస్తే సడన్‌గా అసలు మానొద్దు, మెల్లగా తగ్గించాల అన్నాడు. మా అత్త దిష్టి అని మిరపకాయలు తిప్పేసింది, తిప్పితే తిప్పింది, తినమనలేదు, అదే చాలు.

మొన్న వాన రాత్రి వీధిలో నీళ్ల సౌండు వినగానే చేతులు చల్లబడినాయి, కౌన్సెలింగ్‌లో నేర్పించినట్టు పాదాలు నేలకి గట్టిగా ఆనించి కనిపించేవన్నీ పేర్లు చెప్పుకుంటా కూర్చున్నా, స్టవ్వు, ఇడ్లీ కుక్కరు, క్యాలెండరు... నిద్రయితే పట్టలేదు గానీ పొద్దున బ్లడ్ పడలేదు. ఆ రాత్రి సంగతి కౌన్సెలింగ్‌లో ఇంకా పూర్తిగా చెప్పలేదు, తొందరేం లేదన్నారు. కాల్‌ప్రొటెక్టిన్ టెస్ట్ (పేగులో వాపు ఉందా అని మోషన్‌లో చూసేది) రాసినారు, రిపోర్ట్ వచ్చినాక చెప్తా.