నల్లగొండ, పాలమూరు ఇళ్లలో చూసిన ఆటల కార్యక్రమాలు: ఏది ఏ ఛానల్‌లో వచ్చింది?

ప్రశ్న (నల్లగొండ నుంచి)

అందరికీ నమస్కారం. టీవీలో వచ్చిన ఆటల, క్విజ్ కార్యక్రమాలలో ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఇళ్లలో బాగా చూసినవి ఏవి, అవి ఏ ఛానల్‌లో వచ్చాయి అన్న పట్టిక ఒకటి తయారు చేస్తున్నాను. సినిమాల గురించి, సీరియళ్ల గురించి ఎవరో ఒకరు రాసిపెట్టారు గానీ, ఇంటిల్లిపాదీ కూర్చుని పోటీదారు కంటే ముందే జవాబు చెప్పాలని ఎగబడిన ఈ కార్యక్రమాల వివరాలు ఒకచోట దొరకడం లేదు. పేరు గుర్తున్నవారికి ఛానల్ గుర్తుండదు. ఛానల్ గుర్తున్నవారు సంవత్సరాన్ని పదేళ్లు అటూ ఇటూ చెబుతున్నారు.

ముఖ్యంగా మూడు విషయాలు తేలడం లేదు. అమితాబ్ బచ్చన్ నడిపిన కోటి రూపాయల క్విజ్‌ను ఇంటిమీద యాంటెన్నా ఉన్న రోజుల్లోనే దూరదర్శన్‌లో చూశానని మా పెద్దమ్మ గట్టిగా చెబుతున్నారు. తెలుగులో వచ్చిన కోటీశ్వరుడి కార్యక్రమం మా టీవీదని మా అన్నయ్య, కాదు జెమినీదని ఆయన కూతురు వాదించుకుంటున్నారు. మూడోది నా సొంత జ్ఞాపకం. ఒకాయన డబ్బాలోంచి అంకెలు తీసి చదువుతుంటే మేము ఇంట్లో టికెట్ల మీద ఆ అంకెలు కొట్టేసుకుంటూ ఆడేవాళ్లం. దానిని అందరం ‘నల్లగొండ టీవీ’ అనేవాళ్లం. పట్టణంలో దూరదర్శన్ టవర్ ఉండేది కాబట్టి ఆ ఆట అక్కడి నుంచే వచ్చేదా? ఊహించి కాకుండా ఆధారంతో చెప్పగలిగినవారు దయచేసి రాయండి.

జవాబు 1 (దేవరకొండ నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుడు)

మీ మూడో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలితే మొదటిది సగం తేలినట్లే. 1980లలో జిల్లా పట్టణాలలో నిలబెట్టిన దూరదర్శన్ టవర్లలో ఎక్కువ భాగం 100 వాట్ల తక్కువ శక్తి ట్రాన్స్‌మీటర్లు. వాటికి స్టూడియో లేదు, కెమెరా లేదు. ఉపగ్రహం ద్వారా వచ్చిన ప్రసారాన్ని అందుకుని చుట్టుపక్కల ఊళ్లకు తిరిగి పంపడమే వాటి పని. అలాంటి టవర్ నుంచి మీ ఊరి మనిషి అంకెలు చదివే వీలు లేదు. దూరదర్శన్‌లో మనకు తెలుగు కార్యక్రమాలు 1977లో మొదలైన హైదరాబాద్ కేంద్రంలో తయారయ్యేవి.

ఆ కేంద్రం పుట్టకముందే టీవీ చూసిన పల్లెలు పాలమూరు జిల్లాలో ఉన్నాయన్నది కూడా మీ పట్టిక ముందుమాటలో చేర్చదగిన విషయం. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు పంపిన సైట్ ప్రయోగంలో మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. అయితే వాటిలో ప్రధానంగా వచ్చినవి వ్యవసాయం, ఆరోగ్యం, బడిపిల్లల పాఠాలు. ఆటల పట్టికలో వాటికి చోటు ఉండదు.

ఇక మీ పెద్దమ్మగారి మాట. ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ 2000 జూలై 3న స్టార్ ప్లస్‌లో మొదలైంది. సోమవారం నుంచి గురువారం వరకు రాత్రి 9 గంటలకు వచ్చేది. స్టార్ ప్లస్ ఉపగ్రహ ఛానల్ కాబట్టి కేబుల్ తీగ ఇంట్లోకి వస్తే తప్ప కనిపించదు; ఇంటిమీది యాంటెన్నాను ఎటు తిప్పినా దొరకదు. యాంటెన్నా రోజుల్లో వచ్చిన క్విజ్ మరొకటి ఉంది. అది 1985లో దూరదర్శన్ జాతీయ ప్రసారంలో సిద్ధార్థ బసు నడిపిన ‘క్విజ్ టైమ్’. కళాశాల విద్యార్థుల జట్లు అందులో పోటీపడేవి. కరోడ్‌పతి నిర్మాణం వెనుక ఉన్నది కూడా ఆ సిద్ధార్థ బసే. ఆమె రెండింటినీ చూసి ఒకటిగా కలిపేసుకున్నారేమో అడిగి చూడండి. కరోడ్‌పతి వచ్చిన ఏడాదే జీ టీవీ పది కోట్ల బహుమతితో ఇంకో క్విజ్ మొదలుపెట్టింది. అది ఎక్కువ కాలం నిలవలేదు గానీ జ్ఞాపకాలను కలగాపులగం చేయడానికి సరిపోయింది.

హిందీ కార్యక్రమాన్ని ఆ వయసువారు అంత ఇష్టంగా ఎలా చూశారని బయటి జిల్లాలవారు నన్ను అడుగుతుంటారు. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న పెద్దలు 2000 నాటికి మన ఊళ్లలో ఇంకా చాలామందే ఉన్నారు. అమితాబ్ మాట తీరు వారికి కొత్తగా అనిపించలేదు. పక్కన కూర్చున్న మనవళ్లకు వాళ్లే ప్రశ్నలు తెలుగులో చెప్పేవారు.

ఒక సూచన కూడా చేస్తాను. దూరదర్శన్‌లో వచ్చిన సాంస్కృతిక కార్యక్రమం ‘సురభి’ని మీ పట్టికలో చేర్చకుండా వదిలేయకండి. అది ఆటల కార్యక్రమం కాదన్నది నిజమే. అయినా సిద్ధార్థ కాక్, రేణుకా షహానే చివర అడిగే ప్రశ్నకు దేశమంతా జవాబులు రాసేది. 15 పైసల కార్డుల మీద ఉత్తరాలు వెల్లువెత్తడంతో తపాలా శాఖ ఇలాంటి పోటీల కోసమే 2 రూపాయల పోటీ పోస్టుకార్డును వేరుగా తెచ్చింది. కేబుల్ చేరని పల్లెలో ఇంట్లో కూర్చుని టీవీ పోటీలో పాల్గొనడానికి అప్పట్లో ఉన్న దారి ఆ కార్డే.

జవాబు 2 (మిర్యాలగూడ నుంచి)

మీ అన్నయ్యగారూ, ఆయన కూతురూ ఇద్దరూ చెప్పింది సరైనదే. వారు మాట్లాడుతున్నవి రెండు వేర్వేరు కార్యక్రమాలు. ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ 2014 జూన్‌లో మా టీవీలో నాగార్జున వ్యాఖ్యాతగా మొదలైంది. మొదటి మూడు విడతలు ఆయనే నడిపారు. 2017లో నాలుగో విడతకు చిరంజీవి వచ్చారు. ఆ ఛానల్‌ను స్టార్ సంస్థ 2015లోనే తీసుకుంది కాబట్టి నాలుగో విడతకు వచ్చేసరికి పేరు స్టార్ మా అయింది. ఆ తరువాత 2021 ఆగస్టులో జూనియర్ ఎన్టీఆర్ వ్యాఖ్యాతగా జెమినీలో వచ్చింది ‘ఎవరు మీలో కోటీశ్వరులు’. పేరులోని మాటలు కొద్దిగా అటూ ఇటూ మారాయి, ఆట పద్ధతి ఒకటే, కుర్చీలు కూడా అలాంటివే. ఇంట్లో వాదన రాకపోతేనే ఆశ్చర్యం. ముందు ఎన్టీఆరా, నాగార్జునా అని అడగండి, ఛానల్ దానంతట అదే తేలుతుంది.

అయితే వ్యాఖ్యాతను బట్టి ఛానల్ చెప్పే ఈ పద్ధతి అన్నిచోట్లా పనికిరాదు. నా అనుభవంలో ఎక్కువ పొరపాట్లు అక్కడే జరుగుతున్నాయి. సుమ అనగానే ఈటీవీ అని రాసేస్తారు. మధ్యాహ్నం పూట ఆడవాళ్ల ఆటలతో ఏళ్ల తరబడి నడిచిన ‘స్టార్ మహిళ’, వారాంతంలో వచ్చిన ‘క్యాష్’ ఈటీవీవే. కానీ స్టార్ మాలో వచ్చిన ‘స్టార్ట్ మ్యూజిక్’లోనూ సుమ ఉన్నారు. అదే కార్యక్రమం వేరే విడతలను ఝాన్సీ, అనసూయ నడిపారు. ఓంకార్ సంగతీ అంతే. పిల్లల కోసం చేసిన ‘మాయాద్వీపం’ జీ తెలుగుది, ‘సిక్స్త్ సెన్స్’ స్టార్ మాది. ‘స్టార్ మహిళ’ను పేరు చూసి స్టార్ మా కింద రాసిన పట్టికలు కూడా నేను చూశాను. అందుకని ఛానల్ గడి నింపేటప్పుడు పేరునూ నమ్మకండి, ముఖాన్నీ నమ్మకండి.

నేనైతే ఛానళ్లు పుట్టిన సంవత్సరాలను పక్కన పెట్టుకుంటాను. జెమినీ, ఈటీవీ రెండూ 1995లో వచ్చాయి. మా టీవీ 2002లో, జీ తెలుగు 2005లో మొదలయ్యాయి. ఎవరైనా 1998లో జీ తెలుగులో ఆట చూశామంటే, సంవత్సరమో ఛానలో ఒకటి తప్పని అడగకుండానే తెలిసిపోతుంది.

జవాబు 3 (నారాయణపేట నుంచి)

పైన చెప్పినదానికి చిన్న చేర్పు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి పాటల పోటీలను మీ పట్టికలో చేరుస్తారో లేదో నాకు తెలియదు. చేర్చితే మాత్రం మా వైపు వారిని జాగ్రత్తగా అడగండి. ఈటీవీలో ‘పాడుతా తీయగా’ 1996 నుంచి ఉంది. మా టీవీలో ‘పాడాలని ఉంది’ ఆయనే నడిపారు. రాయచూరుకు దగ్గరలో ఉన్న మా ఊళ్లలో కన్నడం మాట్లాడే కుటుంబాలు ఎక్కువ. వారు ఈటీవీ కన్నడలో ‘ఎదె తుంబి హాడువెను’ చూశారు, అందులోనూ ఆయనే. బాలు గారి కార్యక్రమం అంటే మా వీధిలోనే మూడు ఇళ్లవారు మూడు వేర్వేరు పేర్లు చెబుతారు.

జవాబు 4 (మహబూబ్‌నగర్ నుంచి, ఒకప్పుడు కేబుల్ కంట్రోల్ రూమ్‌లో పనిచేసిన వ్యక్తి)

మీరు ఇంట్లో ఆడిన అంకెల ఆట తంబోలా. అది కేబుల్ ఆపరేటర్ సొంత ఛానల్‌లో వచ్చి ఉంటుంది. మా పట్టణంలోనూ జరిగింది, ఆ పని నేను దగ్గరుండి చూశాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

డిష్‌ల నుంచి వచ్చే ఛానళ్లన్నీ కంట్రోల్ రూమ్‌లో ఒక్కో మాడ్యులేటర్ ద్వారా తీగలోకి వెళతాయి. అక్కడ ఒక మాడ్యులేటర్ ఖాళీగా ఉంటే, దానికి వీసీఆర్ తగిలిస్తే సినిమా ఛానల్ అవుతుంది, కెమెరా తగిలిస్తే ఊరి ఛానల్ అవుతుంది. అంతకుమించిన హంగు ఏమీ లేదు. ఒక బల్ల, వెనుక ఒక పరదా, అంకెల డబ్బా, ఒక ల్యాండ్‌లైన్ ఫోను ఉండేవి. నెల చందా వసూలుకు వెళ్లే పిల్లలే ఇంటింటికీ టికెట్లు ఇచ్చి వచ్చేవారు. జల్దీ ఫైవ్ (అందరికంటే ముందు ఐదు అంకెలు కొట్టేసినవారికి), పై వరుస, మధ్య వరుస, కింది వరుస, ఫుల్ హౌస్ (టికెట్ అంతా నిండినవారికి) అని బహుమతులు. బట్టల దుకాణంవాళ్లో, స్టీలు సామాను దుకాణంవాళ్లో వాటిని ఇచ్చేవారు, బదులుగా తెర కింద వారి పేరు కదులుతూ ఉండేది. వరుస నిండినవారు ఫోన్ చేసి టికెట్ నంబరు, అంకెలు చదవాలి. సరిచూసి, పేరూ వాడా తెర మీద ప్రకటించేవాళ్లం. అసలు గొడవంతా ఫోను దగ్గరే వచ్చేది. ఒకేసారి రెండు ఇళ్లలో వరుస నిండితే మొదట లైను దొరికినవారిదే బహుమతి. దొరకనివారు మరునాడు చందా వసూలుకు వచ్చిన పిల్లవాడిని నిలదీసేవారు.

ఇది ఏ పత్రికలోనూ టీవీ కార్యక్రమాల జాబితాలో రాలేదు, అందుకే మీకు ఆధారం దొరకడం లేదు. రికార్డు చేసిన క్యాసెట్ల మీదే మళ్లీ మళ్లీ రికార్డు చేసేవాళ్లం కాబట్టి అవీ మిగలలేదు. మా దగ్గర మాత్రం సెట్‌టాప్ బాక్సులు వచ్చేదాకా ఏదో ఒక రూపంలో నడిచింది. డిజిటల్ మార్పిడి మూడో దశ గడువు 2015 డిసెంబరు 31, నాలుగో దశకు చివరికి 2017 మార్చి 31 వరకు పొడిగించారు. డిజిటల్ అయ్యాక ప్రసారం పెద్ద సంస్థల కంట్రోల్ రూమ్‌ల నుంచి రావడంతో, మా వంటి చిన్న ఆపరేటర్లు ఒక పరికరం తగిలించి ఛానల్ నడిపే వీలు బాగా తగ్గింది.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. పట్టికలో ఛానల్ గడికి ముందు ప్రసారం ఎలా అందిందన్న గడి ఒకటి చేరుస్తున్నాను: యాంటెన్నా, కేబుల్, ఊరి కేబుల్ ఛానల్, డిష్ అని. పెద్దమ్మగారిని మళ్లీ అడిగితే, కరోడ్‌పతి చూసింది మా ఇంట్లో కాదు, కేబుల్ ఉన్న ఎదురింట్లో అని ఇప్పుడు అంటున్నారు. తంబోలా టికెట్లు రెండు మా పాత పెట్టెలో దొరికాయి. తేదీ లేదు, వెనుక ఒక దుకాణం ప్రకటన మాత్రం ఉంది. సంవత్సరం ఎలా కట్టాలి?

జవాబు 5 (మహబూబ్‌నగర్, జవాబు 4 రాసిన వ్యక్తి)

ప్రకటనలో ఫోన్ నంబరు ఉంటుంది, చూడండి. 2003 ప్రాంతంలో బీఎస్ఎన్ఎల్ ల్యాండ్‌లైన్ నంబర్లన్నింటికీ ముందు 2 చేర్చారు. నల్లగొండ నంబరు ఐదు అంకెలతో ఉంటే టికెట్ అంతకు ముందుది, 2తో మొదలై ఆరు అంకెలు ఉంటే తరువాతది. సెల్ నంబరు కూడా అచ్చయి ఉంటే ఇంకా ఇటీవలిదే అయి ఉంటుంది. టికెట్లు రెండు వైపులా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఫోన్ నంబరు మీద మాత్రం కాగితం కప్పి, అంకెలు ఎన్ని ఉన్నాయో రాయండి చాలు.