సమస్యాపూరణం: “తన్నినట్టి కొడుకుఁ దండ్రి మెచ్చె”

నిర్వాహకులు: ఈ వారపు సమస్య ఆటవెలది నాలుగవ పాదం. తన్నిన కొడుకును తండ్రే మెచ్చుకొన్నాడన్న విపరీతార్థాన్ని పాత మోటారు సైకిళ్ళ జ్ఞాపకాలతో పరిహరించవలసిందని సభ్యులను కోరుతున్నాము. బటను నొక్కగానే కదిలే నేటి బండ్లకు ఈ పాదం అతకదు. కిక్కు కొట్టి లేపిన జావా, యెజ్డి, బుల్లెట్లకే అతుకుతుంది.

మొదటి పూరణ (మైసూరులో స్థిరపడిన సభ్యులు):

మూలఁబడ్డ జావ ముప్పదేండ్లకుఁ దీసి
నూనె గలిపి పోసి నొసలు దుడిచి
యూపిరాగి యున్న యుక్కుగుండెను దట్టి
తన్నినట్టి కొడుకుఁ దండ్రి మెచ్చె.

నిర్వాహకులు: యతులు, గణాలు సరిపోయాయి. మైసూరులో 1961లో మొదలై 1996లో మూతబడిన ఐడియల్ జావా కర్మాగారపు బండ్లు టూ స్ట్రోకువి కనుక, పెట్రోలులోనే నూనె కలిపి పోయాలన్న సంగతిని రెండవ పాదం చక్కగా పట్టుకొన్నది. అయితే అంతకాలం నిలిచిపోయిన బండికి ట్యాంకులో తుప్పు, కార్బ్యురేటరులో జిగురు పేరుకొని ఉంటాయి. నూనె కలిపినంత మాత్రాన లేస్తుందంటే ఆ బండిని వాడినవారు నమ్మరు. నొసలు తుడుచుకోవడంలోనే ఆ శ్రమంతా ఇమిడి ఉన్నదని కవి అంటే కాదనలేను.

రెండవ పూరణ (హనుమకొండ సభ్యులు):

ముల్లు నడుమ నిల్వ మొదటఁ గాంచి పిదప
మీట నొక్కి యడుగు నెమ్మదించి
బుల్లెటెదురు దన్నఁ బోవు వేళ నెఱిఁగి
తన్నినట్టి కొడుకుఁ దండ్రి మెచ్చె.

నిర్వాహకులు: రెండవ పాదంలో “మీ”కి “నె”తో యతి కుదరలేదు. “అడుగు నెమ్మదించి” అన్న అన్వయం కూడా తడబడుతున్నది. “మీట నొక్కి యడుగు మెల్లఁ జరిపి” అంటే రెండు దోషాలూ తొలగుతాయి.

భావం మాత్రం ఈ వారం వచ్చినవాటిలో అన్నిటికంటె గట్టిది. పాత బుల్లెట్టు హెడ్‌లైటు పైన ఉండే అమ్మీటరు (కరెంటు కొలిచే మీటరు) ముల్లు, పాయింట్లు (నిప్పురవ్వ పడే వేళను నిర్ణయించే స్విచ్చు) మూసుకొని కాయిలుకు కరెంటు పోతున్నంతసేపు ఒక పక్కకు వాలి ఉండి, అవి తెరుచుకోగానే నడిమికి వస్తుంది. కిక్కు రాడును నెమ్మదిగా నొక్కుకొంటూ వచ్చి, కాలికి బరువు తగిలిన చోట ముల్లు నడిమికి చేరిందని చూసుకొన్న తరువాతనే ఎడమచేతి కింది డీకంప్రెషన్ మీట నొక్కి, సిలిండరులోని ఒత్తిడి విడిచి, పిస్టను పైకొసను కొంచెం దాటేటట్టు జరిపి, మీట వదిలి, అప్పుడు పూర్తిగా తన్నాలి. పిస్టను కొస చేరకముందే నిప్పురవ్వ పడితే అది వెనక్కు తిరుగుతుంది, రాడు వచ్చి పిక్కకు తగులుతుంది. మూడవ పాదంలోని “ఎదురు దన్న” అన్నది సరిగ్గా ఆ దెబ్బే. ముల్లు ముందు, మీట తరువాత అన్న వరుసను కవి తప్పలేదు. పుస్తకం చూసి వ్రాసినవారికి కాదు, పిక్క వాచినవారికే ఈ పద్యం వస్తుంది.

హనుమకొండ సభ్యులు: సవరణకు కృతజ్ఞతలు. మా నాయన గారు బండి నేర్పినప్పుడు మొదట గేరు చూపించలేదు, ముల్లునే చూపించారు. కుడికాలితో గేరు, ఎడమకాలితో బ్రేకు ఉన్న ఆ బండికి అలవాటు పడిన కాళ్ళు, ఎడమన గేరున్న కొత్త బండి మీద ఇప్పటికీ బ్రేకుకు బదులు గేరు నొక్కుతుంటాయి.

మూడవ పూరణ (తెనాలి సభ్యులు):

బండి రూపు దాల్చి వచ్చిన యసురునిఁ
గాల నేలఁ గూల్చెఁ గనుఁ డటంచు
వ్రేత లెల్లఁ దెలుప విస్మయంబున మున్గి
తన్నినట్టి కొడుకుఁ దండ్రి మెచ్చె.

నిర్వాహకులు: శకటాసురుడిని తెచ్చిన చమత్కారానికి నవ్వుకొన్నాము. “బండి”కి “వచ్చిన”తో బ-వ యతి చెల్లుతుంది. కాని బాలకృష్ణుడు తన్నితే బండి విరిగింది; మనం అడిగినది తన్నితే లేచే బండిని.

నాల్గవ పూరణ (హ్యూస్టన్ సభ్యులు):

తన్ను కమ్మి గేరు తానయి యెజ్డికి
నొకటె రెండు పనుల కొదుగు టెఱిఁగి
యొత్తి పైకిఁ దిప్పి యొడుపుతో నొకసారి
తన్నినట్టి కొడుకుఁ దండ్రి మెచ్చె.

నిర్వాహకులు: “రెండు పనుల కొదుగు” అన్న చోట సంధిలోని ఒకారానికి యతి చెల్లింది. కిక్కు రాడే గేరు రాడు కావడం జావా, యెజ్డిలను వాడినవారికి తప్ప తెలియని సంగతి; “ఒత్తి పైకిఁ దిప్పి” అని దానిని కంటికి కట్టారు. ఒక్క ఆక్షేపణ. బండి లేచాక ఆ కమ్మిని మళ్ళీ కిందికి మడవనిదే గేరు పడదు. తండ్రి అది కూడా చూసిన తరువాతనే మెచ్చి ఉంటాడు.