నైట్ రైడర్ రిమోట్ కారు: స్విచ్ వేయగానే పరుగెత్తుతోంది, పాడైపోయినట్టేనా?

ప్రశ్న (విజయవాడ నుంచి)

అందరికీ నమస్కారం. మా మేనమామ 1986లో అమెరికా నుంచి వస్తూ నాకు ‘నైట్ రైడర్’ అనే అమెరికన్ టీవీ సీరియల్లోని ‘కిట్’ అనే నల్ల కారు రిమోట్ బొమ్మ తెచ్చారు. మొన్న అటక సర్దుతుంటే దొరికింది. డబ్బా, రిమోట్, పైకి లాగే ఏరియల్ అన్నీ ఉన్నాయి. బ్యాటరీల మూత మాత్రం లేదు. స్ప్రింగులకు పట్టిన తెల్లటి పొడి కాస్త గీకి, కొత్త బ్యాటరీలు వేశాను. స్విచ్ వేయగానే, నేను రిమోట్ ముట్టుకోకముందే, తిన్నగా పరుగెత్తి గోడకు కొట్టుకుంది. రిమోట్‌కు ఉన్నది ఒకటే బటన్. అది నొక్కితే వంకరగా వెనక్కి వస్తోంది. ముందున్న ఎర్ర దీపం వెలగడం లేదు. సర్క్యూట్ కాలిపోయిందా?

జవాబు (డల్లాస్ నుంచి)

కంగారు పడకండి, మీ కారు బాగానే ఉంది. దాన్ని తయారు చేసిందే అలా! ఆనాటి చవక రిమోట్ కార్లలో చాలావాటికి తెలిసింది ఒక్కటే: సిగ్నల్ ఉందా, లేదా. లేకపోతే ముందుకు పోతుంది. బటన్ నొక్కితే మోటారు వెనక్కి తిరుగుతుంది, దాంతోపాటు ముందు ఇరుసు ఒక పక్కకు మళ్లుతుంది. వదలగానే కొత్త దిక్కుకు మళ్లీ ముందుకు. ఆ ఒక్క బటన్‌తోనే కారును ఇల్లంతా తిప్పవచ్చు. వాకిట్లో కాసేపు సాధన చేయండి, చెయ్యి కుదురుతుంది.

దీపం సంగతి: లోపల ఉన్నది చిన్న ఫిలమెంట్ బల్బు అయితే మాడిపోయి ఉంటుంది. అదే వోల్టేజీ బల్బు వేయించండి. ఎల్‌ఈడీ పెట్టాలంటే రెసిస్టర్ కలపాలి.

నాకు దిగులు కలిగించింది మీరు గీకిన ఆ పొడి. గీకితే స్ప్రింగు మీది పూత పోతుంది, తరువాత తుప్పు పడుతుంది. బ్యాటరీలు తీసేసి, పొడి మీద దూది పుల్లతో ఒక్క నిమ్మరసం చుక్క వేయండి. బుసబుస పొంగితే అది ఆల్కలైన్ బ్యాటరీ కారిన మరక. నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో పోతుంది. పొంగకుండా, జిగురు ముద్దలా ఉంటే పాత జింక్-కార్బన్ రకం కారి ఉంటుంది. అది ఆమ్లం కాబట్టి వంట సోడా నీళ్లు వాడాలి. ఏదైనా సరే, చివర మంచినీళ్లు అద్దిన దూదితో తుడిచి, ఒక రోజంతా ఆరనివ్వండి.

ఇంకొకటి అడుగుతాను: కారు డబ్బాలో థర్మోకోల్ మీద కూర్చుని ఉందా?

ప్రశ్న అడిగినవారు

అవునండీ. తీస్తుంటే టైర్లు అతుక్కుని వచ్చాయి. థర్మోకోల్‌లో టైరు గాడి అచ్చుతో సహా నాలుగు గుంటలు పడ్డాయి, వేలు పెడితే జిగటగా ఉన్నాయి.

జవాబు (డల్లాస్ నుంచి)

అనుకున్నాను. మెత్తటి టైర్లలో కలిపే నూనెలాంటి పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ బయటికి ఊరుతుంది, తగిలిన థర్మోకోల్‌ను కరిగిస్తుంది. కారు అడుగుభాగాన్నీ అలాగే తినేస్తుంది. టైర్లను సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టి, కింద పాలిథిన్ ముక్క వేసి నిలపండి. పాలిథిన్‌కు ఆ నూనె అంటదు. డబ్బాలోని థర్మోకోల్ పారేయకండి, గుంటలతో సహా అది కూడా అసలుదే.

మరో సభ్యుడు (హైదరాబాద్)

థిన్నర్‌తో తుడిచి, నల్ల స్ప్రే పెయింట్ కొట్టి, కొత్త స్టిక్కర్లు ప్రింటు చేయించి అతికిస్తే కొత్తదానిలా మెరుస్తుంది కదండీ?

జవాబు (డల్లాస్ నుంచి)

దయచేసి వద్దు! థిన్నర్, గోళ్ల రంగు తుడిచే ద్రవం రెండూ ఈ ప్లాస్టిక్‌ను నిమిషంలో కరిగిస్తాయి. రంగు వేస్తే ఇక అది 1980ల నాటి కారు కాదు. చిరిగిన స్టిక్కర్ అయినా ఫ్యాక్టరీలో అతికించినదే ముఖ్యం. మెత్తటి టూత్‌బ్రష్, కాస్త సబ్బు నీళ్లు చాలు. వెండి మెరుపున్న భాగాలను మాత్రం రుద్దకండి, ఆ పూత చాలా పలచన.

మరో సభ్యురాలు (వరంగల్)

నేను ‘డ్యూక్స్ ఆఫ్ హజార్డ్’ టీవీ సీరియల్లోని నారింజ రంగు కారు ‘జనరల్ లీ’ రిమోట్ బొమ్మ కొనాలనుకుంటున్నాను. పాతదో కాదో ఎలా తెలుస్తుంది?

జవాబు (డల్లాస్ నుంచి)

కారు అడుగున అచ్చుపోసిన సంవత్సరాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. అది కాపీరైట్ సంవత్సరం, తయారైన ఏడాది కావాలని లేదు. రిమోట్ మీద ఫ్రీక్వెన్సీ చూడండి. ఆ సీరియల్ 1979 నుంచి 1985 వరకు వచ్చింది. అప్పటి బొమ్మలు ఎక్కువగా 27 లేదా 49 మెగాహెర్ట్జ్. 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంటే కచ్చితంగా తరువాతిదే. అయితే 27 అని ఉన్నంత మాత్రాన పాతదని కాదు, ఆ తరువాత కూడా చాలాకాలం వచ్చాయి. డబ్బు పంపేముందు బ్యాటరీ గది లోపలి ఫొటో, కారు నడుస్తున్న వీడియో అడగండి. రిమోట్ లేనిది చవకగా వచ్చినా తీసుకోకండి. అదే ఫ్రీక్వెన్సీ రిమోట్ మరొకటి తెచ్చినా, రెంటి సంకేతాలూ కలవకపోతే కదలదు.

ప్రశ్న అడిగినవారు

నిమ్మరసం వేస్తే పొంగిందండీ! రెండు రోజులు ఆరబెట్టి ఇవాళ నడిపాను. వంటింటి గుమ్మం నుంచి తులసికోట దాకా, ఒక్క బటన్‌తో, ఎక్కడా తగలకుండా వెళ్లింది. మామయ్యకు ఫోనులో చూపించాను. ప్రస్తుతానికి బ్యాటరీలు టేపు వేసి ఆపాను. మూత ఎవరి దగ్గరైనా విడిగా ఉంటే చెప్పండి, కొలతలు తీసి పెడతాను.

జవాబు (డల్లాస్ నుంచి)

నా దగ్గర పనిచేయని కిట్ కారు ఒకటి ఉంది, దాని మూత బాగుంది. కొలతలు పంపండి, సరిపోతే పంపిస్తాను. టేపు మాత్రం ఇవాళే తీసేయండి, జిగురు పట్టిందంటే వదలదు. రబ్బరు బ్యాండు కూడా వద్దు, నూలు దారం కట్టండి.