జులైలో ఫీనిక్స్ వెళ్తున్నాం: మన తిరుపతి ఎండకు అలవాటైనవాళ్లు అక్కడ తట్టుకోగలరా?

కొర్లగుంట అమ్మమ్మ:
అందరికీ నమస్కారం. మా పాపకు ఆగస్టు మొదటి వారంలో డెలివరీ. జులై 5కి టికెట్లు తీసుకున్నాం. వాళ్లుండేది అమెరికాలో అరిజోనా, ఫీనిక్స్ పక్కన చాండ్లర్. అక్కడ 45, 46 డిగ్రీల ఎండట. పైగా ఎడారిలో దుమ్ము తుఫాన్లు, ఉరుముల వానలు కూడా ఆ నెలలోనే అంటున్నారు. మా ఆయనకు 67 ఏళ్లు, బీపీ మాత్రలు వేసుకుంటారు. "రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు చూసినవాళ్లం, అదేం లెక్క" అంటారాయన. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. వెళ్లొచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

అలిపిరి మెట్లు:
అక్కా, నేను 2023 జులైలో అక్కడే ఉన్నాను. ఆ ఏడాది ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. పగలు సరే, రాత్రి కూడా వేడి దిగలేదు. జులై 19న అయితే కనిష్ఠమే 36. మన దగ్గర మే నెలలో మిద్దె మీద నీళ్లు చల్లుకుని పడుకుంటే తెల్లారుజామున కాస్త గాలి తగులుతుంది కదా, అక్కడ అదీ లేదు.

అన్నిటికన్నా మోసం చేసేది చెమట. ఇక్కడ ఒళ్లంతా తడిసి ముద్దవుతాం కాబట్టి దాహం తెలుస్తుంది. అక్కడ గాలి పొడిగా ఉండి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. చెమటే లేదు కదా అని నేను నీళ్లు సరిగ్గా తాగలేదు. మూడో రోజుకి తలనొప్పి, పిక్కలు పట్టేయడం, మూత్రం ముదురు పసుపు. అప్పటి నుంచి మా అబ్బాయి గంటకోసారి గ్లాసు చేతిలో పెట్టేవాడు. ఒట్టి నీళ్లే కాకుండా ఉప్పేసిన మజ్జిగ, రాగి అంబలి తాగాను. రాగిపిండి అక్కడి ఇండియన్ షాపుల్లో దొరుకుతుంది.

ఇంకోటి, చెప్పులు. మధ్యాహ్నం పెరట్లో తులసికి నీళ్లు పోద్దామని వట్టి కాళ్లతో సిమెంటు మీద అడుగు పెట్టాను. నాలుగడుగులే. రెండు పాదాలూ బొబ్బలెక్కి పది రోజులు నడవలేకపోయాను. తిరుమల మాడ వీధుల్లో తెల్ల పెయింట్ వేసి, నీళ్లు చల్లుతారు కాబట్టి మనం నడవగలుగుతున్నాం. అక్కడి తారు రోడ్డు మీద పడిపోయి ఒళ్లు కాలి ఆస్పత్రి పాలయ్యేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. అన్నకు ఇది గట్టిగా చెప్పండి.

చిత్తూరు డ్రైవింగ్:
అమ్మా, నేను అక్కడ ఆరేళ్లు ఉద్యోగం చేశాను. తుఫాన్ల సంగతి నేను చెప్తాను. వాళ్లు కూడా మాన్సూన్ అనే అంటారు, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 వరకు. గాలి దిశ మారి మెక్సికో వైపు నుంచి తేమ వస్తుంది. మధ్యాహ్నం కొండల మీద మబ్బులు పెరిగి, సాయంత్రానికి మైదానం మీదికి దిగుతాయి. మబ్బు కింద చల్లగాలి ఒక్కసారిగా నేలకు కొట్టి ముందుకు తోసుకొస్తుంది. ఎండిన నేల మీది దుమ్మంతా గోడలా లేస్తుంది. దాన్నే హబూబ్ అంటారు, అరబ్బీ మాట. వాన ఆ వెనకే రావచ్చు, అసలు రాకపోవచ్చు.

టూసాన్ నుంచి వస్తుంటే ఐ-10 రోడ్డు మీద ఒకసారి చిక్కుకున్నాను. ముందు ఫోన్‌లో తుఫాను హెచ్చరిక గట్టిగా మోగింది. రెండు నిమిషాల్లో బానెట్ కూడా కనపడలేదు. అలాంటప్పుడు రోడ్డు దిగి వీలైనంత పక్కకు ఆపాలి, లైట్లన్నీ ఆర్పేయాలి, హ్యాండ్ బ్రేక్ వేసి బ్రేక్ పెడల్ మీది నుంచి కాలు తీసేయాలి. మనం లైట్లు వేసుకుంటాం కదా అలవాటుగా, అదే ప్రమాదం. వెనక వచ్చేవాడు ఎర్ర లైటు చూసి రోడ్డు అటే ఉందనుకుని వచ్చి గుద్దుతాడు. మీ అల్లుడికి తెలిసే ఉంటుంది, మీరూ గుర్తుంచుకోండి.

బంగారుపాళెం మామిడి:
చదువుతుంటే మా తోటే గుర్తొస్తోంది. మాకూ ఏప్రిల్, మే నెలల్లో గాలివాన ఇట్లే వస్తుంది. పొద్దంతా ఉడికించి, సాయంత్రం నాలుగైదు గంటలకు చల్లగాలి కొట్టిందంటే పది నిమిషాల్లో కాయ నేల పాలు. ఆ చల్లగాలికి హాయిగా ఉందని బయట నిలబడొద్దు. పిడుగు వాన కంటే ముందే పడగలదు. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా ఇంట్లోనే ఉండండి. చెట్టు కిందికి మాత్రం పోవద్దు, మా పక్క ఊళ్లో చింతచెట్టు కింద నిలబడిన మనిషిని పోగొట్టుకున్నాం.

శెట్టిపల్లి:
అక్కడ ఏడాదికి వాన 18 సెంటీమీటర్లేనట కదా? అంత తక్కువ వానకు వరద ఎలా వస్తుంది?

చిత్తూరు డ్రైవింగ్:
ఆ కొంచెమూ గంటలో పడితే గట్టి నేల తాగలేదు అన్నా. మనకు వంకలు ఉన్నట్టే అక్కడా ఇసుక వంకలు ఉన్నాయి, ఏడాదంతా ఎండిపోయి ఉంటాయి. ఎక్కడో కొండల్లో వాన పడితే ఎండ కాస్తున్న చోట నీళ్లొచ్చేస్తాయి. ఒక అడుగు లోతు ప్రవాహం చాలు, కారు కొట్టుకుపోతుంది. 2021 నవంబర్‌లో స్వర్ణముఖిని చూసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. అడ్డం పెట్టిన రోడ్డులోకి వెళ్లి ఇరుక్కుంటే, కాపాడిన ఖర్చు కూడా వసూలు చేసే చట్టం ఉంది అక్కడ.

అలిపిరి మెట్లు:
కరెంటు గురించి మర్చిపోయాను. ఒక రాత్రి గాలికి లైన్ తెగి నాలుగు గంటలు ఏసీ లేదు. కిటికీలు తెరిస్తే ఇంకా వేడి వచ్చింది. తడి తువ్వాలు మెడ మీద వేసుకుని కూర్చున్నాం. కారు ఏసీలో కూర్చోవాలంటే గ్యారేజీలో తలుపు మూసి ఇంజన్ వేయకూడదు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. చంటిబిడ్డ ఉంటుంది కాబట్టి, కరెంటు పోతే ఎవరింటికి వెళ్లాలో ముందే మాట్లాడుకోండి.

ఇంకో మాట, బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపేవి ఉంటాయి. సొంతంగా ఆపేయకండి, వెళ్లేముందు డాక్టర్‌ని అడగండి. మాత్రలు కారులో వదలొద్దు.

కొర్లగుంట అమ్మమ్మ:
చాలా సంతోషం, అందరికీ. మా ఆయనకు మొత్తం చదివి వినిపించాను. పిక్కలు పట్టేయడం దగ్గర ఆగి మళ్లీ చదవమన్నారు. ఆయనకు పొద్దున నడక తప్పదు, ఎన్నింటికి వెళ్లొచ్చు?

చిత్తూరు డ్రైవింగ్:
జులైలో అయిదున్నరకే తెల్లారుతుందమ్మా. అయిదింటికి బయల్దేరి ఆరున్నరకల్లా ఇంట్లో ఉండాలి. ఫోన్, నీళ్ల సీసా చేతిలో ఉండాలి. ముందురోజు దుమ్ము లేచి ఉంటే ఆ పొద్దున ఇంట్లోనే నడవమనండి. ఆ మట్టిలో ఒక ఫంగస్ ఉంటుంది, ఊపిరితిత్తులకు పట్టే జబ్బు, వ్యాలీ ఫీవర్ అంటారు. దగ్గు, జ్వరం వారాల తరబడి తగ్గకపోతే డాక్టర్‌తో ఆ పేరు చెప్పి అడగండి.

కొర్లగుంట అమ్మమ్మ:
డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాం. మాత్రల్లో ఒకటి ఆ రకమేనట. డోసు మార్చలేదు, అక్కడికి వెళ్లాక రోజూ బీపీ చూసి రాసుకోమన్నారు, కళ్లు తిరిగితే ఫోన్ చేయమన్నారు. చెప్పులు రెండు జతలు కొన్నాను. ఒక జత పెరటి గుమ్మం దగ్గరే పెడతాను.