ఏసీఎల్ తెగితే వెంటనే ఆపరేషనా, ముందు ఫిజియోథెరపీనా?

కూత_పల్నాడు
మా తమ్ముడికి ఇరవై రెండేళ్లు, జిల్లా స్థాయిలో కబడ్డీ రైడర్. నెల దాటింది, మ్యాట్ మీద గభాల్న వెనక్కి తిరగబోతే మోకాలు మెలిపడింది. లోపల టప్‌మని వినిపించిందట, సాయంత్రానికల్లా బాగా వాచిపోయింది. ఎంఆర్ఐలో ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని తాడులా పట్టి ఉంచే లిగమెంట్) పూర్తిగా తెగిందని, మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్తలా ఉండేది) బాగానే ఉందని వచ్చింది. ఒక సర్జన్ వచ్చే వారమే ఆపరేషన్ అంటున్నారు. ఇంకొకరు మూడు నెలలు వ్యాయామాలు చేయించి చూద్దాం అంటున్నారు. ఇంట్లోనేమో పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకు రమ్మని పోరు. ఎవరి మాట వినాలి?

షటిల్_పిచ్చోడు
ఆపరేషనే. ఇందులో ఆలోచించేదేముంది? గోపీచంద్ 1994లో మోకాలు దెబ్బతిని, సర్జరీలు చేయించుకుని 2001లో ఆల్ ఇంగ్లండ్ కొట్టలేదా? సైనా రియో తర్వాత మోకాలికి సర్జరీ చేయించుకుని 2017 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చింది.

ఫిజియో_విశాఖ
1994కీ 2001కీ మధ్య ఏడేళ్లున్నాయండీ. ఆ ఏడేళ్ల కష్టం ఎవరూ చెప్పరు, ఆపరేషన్ ఒక్కటే చెబుతారు.

వచ్చే వారమే అన్న తొందర నాకు అర్థం కాలేదు. వాపు తగ్గకుండా, మోకాలు తిన్నగా చాచలేని స్థితిలో ఆపరేషన్ చేస్తే తర్వాత అది బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువ. 2010లో స్వీడన్ నుంచి కానన్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 18 నుంచి 35 ఏళ్ల వాళ్లు 121 మంది. 62 మందికి త్వరగా ఆపరేషన్. మిగతా 59 మందికి ముందు వ్యాయామం, మోకాలు నిలవకపోతేనే ఆపరేషన్. రెండేళ్లయ్యేసరికి ఆ 59 మందిలో 23 మందే ఆపరేషన్ దాకా వెళ్లారు. నొప్పి, మోకాలి పనితీరు చూస్తే రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

మాజీ_రైడర్
ఆ ట్రయల్లో ప్రొఫెషనల్ ఆటగాళ్లని తీసుకోలేదు, ఆ సంగతి చెప్పలేదేం మేడమ్? ఐదేళ్లకి చూస్తే ఆ 59 మందిలో సగం మందికి ఆపరేషన్ అయింది. 2022లో బ్రిటన్ వాళ్లు 316 మందితో చేసిన ట్రయల్ లాన్సెట్‌లో వచ్చింది, అందులో ఆపరేషన్ గుంపే మెరుగు.

రైడర్ పనేమిటో కూడా చూడాలి కదా. బోనస్ గీత దాకా కాలు చాచాలి, చీలమండ పట్టుకున్నవాణ్ణి విదిలించుకుని ఒంటికాలి మీద తిరిగి మిడ్ లైన్ వైపు దూకాలి. అక్కడ మోకాలు జారిందంటే ఈసారి మెనిస్కస్ కూడా పోతుంది. అది పోయినవాడికి నలభై ఏళ్లకే మెట్లెక్కడం కష్టం.

ఫిజియో_విశాఖ
మెనిస్కస్ భయం నిజమే, కాదనను. కానీ బ్రిటన్ ట్రయల్ పాత గాయాల మీద చేసింది, అప్పటికే మోకాలు జారుతూ ఇబ్బంది పడుతున్నవాళ్ల మీద. ఈ అబ్బాయిది తాజా గాయం. ఆపరేషన్ వద్దని నేను అనడం లేదు. రైడర్‌గానే కొనసాగాలంటే చివరికి అటే వెళ్లాల్సి రావచ్చు. ముందు కాలికి బలం రానివ్వమంటున్నాను.

చిత్తూరు_చిన్నోడు
పుత్తూరు కట్టుని అంత తేలిగ్గా తీసెయ్యకండి. మా వైపు చేతులు, కాళ్లు విరిగినవాళ్లు ఎంతమంది అక్కడ బాగయ్యారో. అంతెందుకు, ఆస్ట్రేలియాలో మోకాలు వంచి కట్టేస్తే ఏసీఎల్ అతుక్కుందని 2023లో వాళ్లే రాశారు!

ఫిజియో_విశాఖ
చదివాను. 80 మందికి మోకాలిని 90 డిగ్రీల దగ్గర నాలుగు వారాలు బ్రేస్‌లో బిగించి, తర్వాత కొద్దికొద్దిగా వదులుతూ వచ్చారు. మూడు నెలల ఎంఆర్ఐలో 90 శాతం మందికి అతుకుతున్న గుర్తులు కనిపించాయి. ఆశ పుట్టించే విషయమే. కాకపోతే పోల్చడానికి రెండో గుంపు లేదు. రక్తం గడ్డకట్టకుండా మందులివ్వాలి. గాయమైన నాలుగు వారాల్లోపే మొదలుపెట్టాలి, ఈ అబ్బాయికి ఆ గడువు దాటింది. ఇప్పుడు కాలు చాపి కట్టేస్తే లిగమెంట్ అతకదు సరికదా, తొడ కండరం కరిగిపోతుంది.

పీఈటీ_గుంటూరు
మీరంతా ఆపరేషన్ ఎప్పుడన్న దాని మీదే కొట్టుకుంటున్నారు. నేను చూసే పిల్లల విషయంలో అసలు దెబ్బ ఆ తర్వాత తగులుతుంది. నాలుగో నెలకి నొప్పి పోతుంది, పరుగు వస్తుంది, సంక్రాంతి పోటీల ప్రైజ్ మనీ కళ్ల ముందు ఆడుతుంది. దిగిపోతారు. తెగిన లిగమెంట్ బదులు ఆపరేషన్‌లో లోపల పెట్టిన గ్రాఫ్ట్ అప్పటికి ముదరదు, మళ్లీ తెగుతుంది. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో తొమ్మిది నెలల దాకా ఆట వాయిదా వేసిన ప్రతి నెలకీ మళ్లీ గాయపడటం సుమారు సగానికి తగ్గింది. మండల కేంద్రంలో ఫిజియో ఉండడు, జిమ్‌లో లెగ్ ప్రెస్ ఉండదు. వారానికి రెండుసార్లు బస్సెక్కి టౌనుకి వెళ్లి తొమ్మిది నెలలు ఒంటికాలి గుంజిళ్లు తీసే ఓపిక, డబ్బు ఉన్నాయా? లేకపోతే ఆపరేషన్ ఖర్చు బూడిదలో పోసినట్టే.

షటిల్_పిచ్చోడు
అంటే డబ్బున్నవాడికో వైద్యం, లేనివాడికో వైద్యమా సార్?

పీఈటీ_గుంటూరు
ఉన్నమాట చెప్పాను బాబూ. ప్రతి జిల్లా స్టేడియంలో ఒక ఫిజియోని పెట్టమని అడుగుదాం పద, నేనూ వస్తా.

కూత_పల్నాడు
అందరికీ థ్యాంక్స్. మోకాలు ఇంకా పూర్తిగా చాపలేకపోతున్నాడు, కాబట్టి వచ్చే వారం ఆపరేషన్ మాత్రం ఆపుతున్నాం. కానీ నాలుగు నెలల్లో స్టేట్ సెలక్షన్స్ ఉన్నాయి, వాడి టెన్షనంతా అదే. వ్యాయామాలతో నెట్టుకొచ్చి అవి ఆడించొచ్చా?

ఫిజియో_విశాఖ
ఒంటికాలి మీద గెంతే పరీక్షల్లోనూ తొడ బలంలోనూ దెబ్బతిన్న కాలు మంచి కాలికి కనీసం 90 శాతం రావాలి, మోకాలు ఒక్కసారి కూడా జారకూడదు. నాలుగు నెలల్లో రైడింగ్‌కి అంత సిద్ధమవుతాడని నేను హామీ ఇవ్వలేను.

మాజీ_రైడర్
ఈ ఒక్క విషయంలో మేడమ్‌తో నాకు గొడవ లేదు. ఈ ఏడాది సెలక్షన్స్ వదిలేయమను తమ్ముడూ.