65 కిలోమీటర్ల వేగం దాటితే లారీ స్టీరింగ్ వణుకుతోంది, రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించినా తగ్గలేదు

పది_చక్రాలు:
10 టైర్ల లారీ. టైర్లు 10.00 ఆర్ 20, ట్యూబువి, రిమ్ లాక్ రింగుది (టైరును రిమ్ మీద పట్టి ఉంచే విడి ఇనప రింగు). ముందు రెండూ కొత్తవి వేసి మూడు వారాలైంది. అదే పనిలో ముందు కమాన్ కట్టల్లో (యాక్సిల్ మీది స్ప్రింగు పట్టీల కట్టలు) మెయిన్ పట్టీలు కూడా మార్చారు. అప్పటినుంచి 62-63 దగ్గర స్టీరింగ్‌లో వణుకు మొదలవుతుంది, 68-70 మధ్య చేతులు అదిరేంత వస్తుంది, 75 దాటితే మళ్లీ కొంత సర్దుకుంటుంది. ఖాళీ బండైనా లోడు బండైనా తేడా లేదు. బ్రేక్ తొక్కినా పెరగదు. సూర్యాపేట-కోదాడ మధ్య నున్నటి రోడ్డు మీద కూడా అంతే. స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింకు మొత్తం మార్చమంటున్నారు. మార్చాలా?

ఆటోనగర్_ఫిట్టర్:
ఇప్పుడే ఏదీ మార్చకండి అన్నా. అలైన్‌మెంట్ తేడా ఉంటే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు అంచు రంపపు పళ్లలా తింటుంది. మూడు వారాల టైరులో, అదీ ఒకే వేగం దగ్గర వణుకు రావడం దాని లక్షణం కాదు. అరిగిపోయిన టై రాడ్ ఎండ్ కూడా వణుకును పుట్టించదు, ఎక్కడో పుట్టినదాన్ని ఇంకా పెద్దది చేసి చేతికి అందిస్తుంది. పుట్టిన చోటు పట్టుకోవాలి.

మీ సైజు టైరు ఒక చుట్టుకు సుమారు మూడుంబావు మీటర్లు పోతుంది. 70 వేగంలో సెకనుకు 6 చుట్లు. అంటే చక్రంలో ఒకచోట ఎత్తు గానీ బరువు గానీ ఉంటే స్టీరింగ్ సెకనుకు 6 సార్లు కొడుతుంది, దాదాపు లెక్కపెట్టగలిగే కొట్టుడు. గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌ను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ అయితే హౌసింగ్ రేషియోని (వెనక యాక్సిల్ గేర్ల నిష్పత్తి) బట్టి చక్రానికి అయిదారు రెట్లు తిరుగుతుంది కాబట్టి కొట్టుడులా ఉండదు. సీటు కింద, ఫ్లోరులో జుమ్మని మోత వస్తుంది. మీరు చెప్పేది స్టీరింగ్‌లో కాబట్టి ముందు చక్రాలే.

68-70కే ఎందుకంటే, కమాన్ కట్టల మీద కూర్చున్న ముందు యాక్సిల్‌కు తనదైన ఊపు ఒకటుంటుంది. ఊయలను సరిగ్గా దాని లయలో తోస్తే ఎలా పెరుగుతుందో, చక్రం కొట్టుడు ఆ ఊపుతో కలిసిన వేగంలో వణుకు పెరుగుతుంది. దాటితే తగ్గుతుంది. తగ్గింది కదా అని 78లో నడిపి సరిపెట్టుకోవద్దు, లోపం అక్కడే ఉంది.

బ్రేక్ తొక్కినప్పుడే వస్తే డ్రమ్ము ఓవల్ అయిందని చూసేవాళ్లం. మీకు ఆ పని లేదు.

టైర్_బెంచ్:
పైన చెప్పినదానికి కొనసాగింపు. ముందు రెండు టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు సమానంగా ఉందో లేదో గేజితో చూడండి, సుత్తితో కొట్టి కాదు. ఈ సైజులో 16 ప్లై (టైరు బలానికి కొలత) టైరు పూర్తి బరువు మోయడానికి 120 పీఎస్ఐ దాకా అడుగుతుంది. మీ యాక్సిల్ బరువుకు ఎంతో టైరు కంపెనీ చార్టు చూసి పెట్టండి.

తర్వాత వెనక చక్రాలు దొర్లకుండా ఓటు (అడ్డు దిమ్మ) పెట్టి, ముందు యాక్సిల్‌ను జాకీతో లేపి కింద స్టాండు పెట్టండి. ఒక ఇనప చువ్వను టైరు ట్రెడ్‌కు (రోడ్డుకు ఆనే ముఖం) రెండు మిల్లీమీటర్ల దూరంలో కదలకుండా నిలబెట్టి, చేత్తో చక్రం నెమ్మదిగా తిప్పండి. సందు ఎక్కడ తగ్గిందో, ఎక్కడ పెరిగిందో సుద్దతో గుర్తు పెట్టండి. ఎక్కువ తక్కువల తేడా రెండున్నర మిల్లీమీటర్లు దాటితే ఆ చక్రం గుండ్రంగా లేనట్టే. పక్క గోడ దగ్గరా ఇలాగే చూడండి, అది రిమ్ వంకరను పట్టిస్తుంది.

ఇంకోటి, చాలామంది వదిలేసేది. టైరు పక్కన, రిమ్ అంచుకు కొంచెం పైన చుట్టూ సన్నటి గీత ఉంటుంది. రిమ్ అంచు నుంచి ఆ గీతకు దూరం చుట్టూ ఒకేలా ఉండాలి. ఒకచోట దగ్గరగా, ఎదురుగా దూరంగా ఉంటే టైరు రిమ్ మీద సరిగా కూర్చోలేదు. కొత్త టైరు, పాత రిమ్, రింగు కింద తుప్పు, సబ్బునీళ్లు రాయకుండా ఎక్కించడం: ఈ నాలుగూ కలిస్తే జరిగేది ఇదే.

కమాన్‌పట్టీ:
కట్టలు విప్పిండ్రు అంటున్నరు కదా, అక్కడ కూడా ఒక చూపు వేయాలె. యాక్సిల్‌కి కట్టకి నడుమ ఏటవాలు ప్లేటు ఉంటది. రెండు పక్కలా ఒకే మందం, ఒకే దిక్కు ఉండాలె. మందం వెనక్కి ఉంటే కాస్టర్, అంటే కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే నిలువు పిన్ను) వెనక్కి వాలే కోణం, పెరుగుతది. తిప్పి వేస్తే స్టీరింగ్ వాపస్ రాదు, బండి రోడ్డు మీద ఈదుతది. కాస్టర్ ఎక్కువై, కింగ్ పిన్ కూడా లూజుంటే చక్రాలు కొట్టుకుంటయి, కానీ దాని తీరు వేరు: గుంతలో పడ్డాక మొదలై, బండి స్లో చేసేదాక ఆగదు. మీది నున్నటి రోడ్డు మీద వేగంతోటి వచ్చి వేగంతోటి పోతుంది, అందుకే నా అనుమానం టైరు మీదనే.

లేపినప్పుడే కింగ్ పిన్ కూడా చూసుకోండ్రి. చక్రం కింద బార్ పెట్టి పైకి కిందికి ఊపాలె. ఆట ఉంటే ఇంకొకరిని బ్రేక్ తొక్కమనండ్రి. తొక్కినంక ఆట పోతే హబ్ బేరింగ్, పోకుంటే కింగ్ పిన్. కట్టను యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు లోడు మీద ఓసారి తిరిగినంక మళ్ల బిగించాలె, చాలామంది బిగియ్యరు.

పది_చక్రాలు:
చూశాను. కుడి చక్రం తేడా ఒక మిల్లీమీటరు లోపే. ఎడమది దాదాపు 5. గీత దూరం ఎడమ చక్రంలో ఒకచోట 7, ఎదురుగా 11 మిల్లీమీటర్లు. బార్ పెట్టి ఊపితే రెండు పక్కలా ఆట లేదు, ఏటవాలు ప్లేట్లు రెండూ మందం వెనక్కే ఉన్నాయి. బ్యాలెన్సింగ్ చేయించి సీసం ముక్క పెడితే సరిపోతుందా?

టైర్_బెంచ్:
సరిపోదు. సీసం బరువును సరిచేస్తుంది, ఆకారాన్ని కాదు. 5 మిల్లీమీటర్ల ఎత్తు రోడ్డును ప్రతి చుట్టుకూ తన్నుతూనే ఉంటుంది, బ్యాలెన్స్ మెషిన్ సున్నా చూపించినా సరే.

చక్రం విప్పే ముందే వాల్వ్ పిన్ను తీసి గాలి మొత్తం పోనివ్వండి. గాలి ఉన్న చక్రం మీద లాక్ రింగు జోలికి వెళితే ప్రాణాలు పోతాయి. తర్వాత రింగు, రిమ్ గాడి వైర్ బ్రష్‌తో తుప్పు పోయేదాకా గీకండి. రింగు వంగినా, చివర్లు అరిగినా మార్చండి. ఫ్లాపు (ట్యూబుకు, రిమ్‌కు మధ్య ఉండే రబ్బరు పట్టీ) మడత పడిందేమో చూడండి, పడితే కొత్తది వేయండి, అది ట్యూబును కూడా తినేస్తుంది. టైరు లోపలి అంచులకు టైరు పేస్టు రాయండి, గ్రీజు వద్దు, అది రబ్బరును పాడు చేస్తుంది. ఇనప బోనులో పెట్టి కొంచెం గాలి పట్టి, రింగు చుట్టూ కూర్చుందో చూసి, మళ్లీ మొత్తం తీసి, ఆపైన పూర్తిగా పట్టండి. గాలి పడుతున్నప్పుడు రింగును సుత్తితో కొట్టనివ్వకండి.

గీత దూరం సమానమయ్యాక కూడా ఎత్తు 3 చూపిస్తే, గాలి తీసి టైరును రిమ్ మీద సగం చుట్టు తిప్పి ఎక్కించండి. రిమ్ ఎత్తు, టైరు ఎత్తు ఒకే చోట కలిసి ఉంటే విడిపోతాయి. ఎత్తు టైరుతో పాటు జరిగితే లోపం టైరుది, వారంటీకి చూపించండి. రిమ్ దగ్గరే నిలిస్తే రిమ్ మార్చాలి. బ్యాలెన్సింగ్ అంతా అయ్యాక, చివర్లో.

ఆటోనగర్_ఫిట్టర్:
బిగించేటప్పుడు హబ్ ముఖం మీద తుప్పు, పెయింటు పెచ్చులు గీకేయండి. అక్కడ అర మిల్లీమీటరు పెచ్చు ఉన్నా టైరు అంచు దగ్గర ఎక్కువై కనిపిస్తుంది. పది నట్లూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా, మాన్యువల్‌లో ఉన్న టార్కుకు బిగించి, 50-100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి చూడండి.

ఎవరైనా స్టీరింగ్ బాక్సు మీది స్క్రూ బిగిస్తే వణుకు పోతుందంటే వినకండి. చేతికి కొంచెం తక్కువ తెలుస్తుంది అంతే, మలుపు తర్వాత స్టీరింగ్ తిరిగి రాదు. ఇదంతా చేసి వణుకు తగ్గి, మళ్లీ వారం వారం పెరుగుతూ వస్తే టైరు లోపలి పొరలు విడుతున్నాయేమో చూడాలి. చేత్తో తడిమితే ట్రెడ్ మీద ఉబ్బు తగులుతుంది. ఆ టైరు ముందు ఉంచి ఒక్క ట్రిప్పు కూడా వేయకండి.